ముందు టైరు భయానికి, వెనక టైరు ఖర్చుకి

రండి, కూర్చోండి. టీ వస్తోంది. నాలుగు వానలు పడ్డాయో లేదో, ఎవర్ని కదిపినా అనంతగిరి, మారేడుమిల్లి, వంజంగి మాటే. బండి ఉన్నవాడు ఎవడూ ఆదివారం ఇంట్లో ఉండడు. ఈ రోజుల్లోనే నాకు ఫోన్లు కూడా ఎక్కువ. ప్రశ్న ఒకటే: "అన్నా, టైర్లు అరిగిపోయాయి. ఆఫీసుకీ వెళ్ళాలి, గుట్టలూ ఎక్కాలి. ఏవి వేయించమంటావు?"

నేను పేరు చెప్పను. ఎదురు ప్రశ్నలు వేస్తాను. వారంలో ఎన్ని రోజులు తారు మీద తిరుగుతావు, మట్టి అంటే ఏ ఊరి మట్టి, వెనక ఎవర్ని ఎక్కించుకుంటావు, పంక్చర్ పడితే విప్పడం వచ్చా? రెండో ప్రశ్నకే అవతలివాడికి విసుగు పుడుతుంది. ఫలానా కంపెనీ, ఫలానా మోడల్ అని చెప్తే పోయేదానికి ఈ ఆరా అంతా ఎందుకని. మీకు విసుగు రాదనే ధైర్యంతో ఇవాళ ఆ ఆరా మొత్తం మీ ముందు పరుస్తున్నాను.

మన దగ్గర ఇటు ఆఫీసుకీ అటు గుట్టలకీ పనికొచ్చే బండ్లకి పెద్ద చరిత్రేమీ లేదు. 2011లో హీరో ఇంపల్స్ వచ్చింది, 150 సీసీ. కొన్నవాళ్ళు కొద్దిమందే, కానీ వాళ్ళు దాన్ని ఓ పట్టాన అమ్మరు. 2016లో రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ వచ్చాక కథ మారింది. 2019లో హీరో ఎక్స్‌పల్స్ 200, 2020లో కేటీఎం 390 అడ్వెంచర్, 2023 చివర్లో కొత్త హిమాలయన్ 450. వీటిలో ఏది కొన్నా సంగతి ఒకటే. సోమవారం మియాపూర్ సిగ్నల్ దగ్గర నిలబడే బండీ, ఆదివారం వికారాబాద్ అడుసులో కూరుకుపోయే బండీ ఒకటే. రెండు పనులకీ టైరు కూడా ఒకటే ఉండాలి. అక్కడే వస్తుంది చిక్కంతా.

దీన్ని తేలిక చేయడానికి టైరు కంపెనీలు ఒక లెక్క పెట్టాయి. ఇది 80-20, ఇది 50-50 అంటారు. మొదటి అంకె తారుకి, రెండోది మట్టికి. వినడానికి బాగుంటుంది. కానీ ఆ అంకెలని కొలిచి ముద్ర వేసే సంస్థంటూ ఏదీ లేదు. ఎవరి టైరుకి వాళ్ళే పెట్టుకున్న పేరు. ఒక కంపెనీ 50-50 అన్నది ఇంకో కంపెనీ చేతిలో 70-30 అయిపోవచ్చు. అందుకే నేను అంకె చూడను. టైరుని చేత్తో పట్టుకుని, గడ్డల మధ్య ఖాళీ ఎంతుందో, ఆ గడ్డలు ఎంత ఎత్తున్నాయో, మధ్యలో గీత కలిసిందా విడిపోయిందా అని చూస్తాను.

ఎందుకంటారా? తారు మీద పట్టు రావాలంటే రబ్బరు రోడ్డుకి వీలైనంత ఎక్కువగా ఆనాలి. మట్టిలో పట్టు రావాలంటే రబ్బరు అంచులు నేలలోకి దిగి కరవాలి. ఈ రెండూ ఒకదానికొకటి పడవు. గడ్డలు విడివిడిగా నిలబడే బటన్ టైరు వేశామంటే సగం చోటు ఖాళీయే, తారుకి ఆనేది ఆ బటన్ల తలలు మాత్రమే. మలుపులో బండి వంచినప్పుడు ఆ ఎత్తు బటన్లు పక్కకి ఊగుతాయి, హ్యాండిల్‌లో ఒక రకమైన మెత్తదనం తెలుస్తుంది. కొత్తవాళ్ళు బేరింగ్ పోయిందేమో అనుకుని మెకానిక్ దగ్గరికి పరిగెత్తుతారు. ఊగడం వల్ల వేడి పుడుతుంది, వేడికి బటన్లు త్వరగా అరుగుతాయి, అరిగేటప్పుడు కూడా ముందు అంచు ఒకలా వెనక అంచు ఒకలా అరిగి, 60 దాటగానే హూఁ అని మోత మొదలవుతుంది. హెల్మెట్‌లో పాటలు వినే అలవాటుంటే మీకు కొంత నష్టం.

వాన పడిన తారు ఇంకా గడ్డు పరీక్ష. బటన్ల మధ్య ఖాళీలోంచి నీళ్ళు బాగానే పోతాయి కదా అంటారు. పోతాయి. కానీ జారేది నీళ్ళు నిలిచిన చోటే కాదు. మెట్రో పిల్లర్ల పక్కన తెల్ల గీతలు, మ్యాన్‌హోల్ మూతలు, లారీ వదిలిన డీజిల్, తొలి వానకి పైకి తేలిన నూనె. ఇక్కడ ఆదుకునేది గడ్డ ఎత్తు కాదు, రబ్బరు మెత్తదనం, దాని మీద కోసిన సన్నటి చీలికలు. మంచి రోడ్డు టైరు రబ్బరులో సిలికా కలుపుతారు, తడిలో పట్టు పెరగడానికి. గట్టి రబ్బరు బటన్ టైరుతో తడి రోడ్డు మీద గట్టిగా బ్రేకు వేస్తే బండి ఆగే దూరం ఎంత పెరుగుతుందో ఖాళీ రోడ్డు మీద ఒకసారి మెల్లగా వేసి చూసుకోండి. ఎవరి మాటా నమ్మక్కర్లేదు.

సరే, తారు సంగతి అయింది. మట్టి దగ్గరికొద్దాం. నాకు ఇష్టమైన భాగం ఇదే. ఇంగ్లీషు రివ్యూల్లో మట్టిని ఒకే మాటతో తేల్చేస్తారు. మన దగ్గర మట్టి ఒకటా?

మొరం రోడ్డు తీసుకోండి. తెలంగాణ పల్లెల్లో, తండాలకి వెళ్ళే దారుల్లో ఎక్కువగా ఉండేది అదే. కింద గట్టిగా ఉంటుంది, పైన చిన్న చిన్న గులకలు పరిచి ఉంటాయి. దీనికి పెద్ద బటన్లు అక్కర్లేదు. మధ్యరకం టైరు, కాస్త తక్కువ గాలి, ముందు బ్రేకు మీద మెత్తటి చెయ్యి ఉంటే ఏ బండైనా పోతుంది. ఎర్ర చల్క నేల కూడా అంతే. తడిసినా నీళ్ళు ఇంకిపోతాయి, పొద్దున వాన పడితే సాయంత్రానికి మళ్ళీ పోవచ్చు. మహబూబ్‌నగర్, నల్లగొండ వైపు బండరాళ్ళ మీదైతే బటన్ ఎత్తు కంటే రబ్బరు మెత్తదనం, పక్కగోడ బలం ముఖ్యం. ఇసుకలో బటన్లు కొంత సాయం చేస్తాయి, అంతకంటే గాలి తగ్గించడం, ఆపకుండా పోవడం ఎక్కువ సాయం చేస్తాయి. ఏటి ఇసుకలో భయపడి థ్రాటిల్ వదిలేశారా, ముందు చక్రం దిగబడి అక్కడే నిలుచుంటారు.

ఇక నల్లరేగడి. గుంటూరు వైపు డొంకల్లోనో, కర్నూలు పొలాల గట్ల మీదో, ఆదిలాబాద్ పత్తి చేల మధ్యనో వాన పడ్డాక బండి దించినవాళ్ళకి నేను చెప్పేదేమీ లేదు. దించనివాళ్ళకి చెప్తున్నాను. ఎండితే పగుళ్ళిచ్చి, తడిస్తే బంకగా మారే నేల అది. పది గజాలు పోయేసరికి పూర్ణానికి తోపు పట్టినట్టు టైరు చుట్టూ రేగడి పట్టేస్తుంది. లోపల ఎంత ఖరీదైన బటన్లున్నా పైకి కనిపించవు, బయట ఉన్నది నున్నటి మట్టి చక్రం. ఆ తర్వాత అది మడ్‌గార్డులో ఇరుక్కుని చక్రాన్నే ఆపేస్తుంది. పాత హిమాలయన్‌కి పైన ముక్కుతో పాటు చక్రాన్ని అంటుకుని ఇంకో మడ్‌గార్డు ఉంటుంది, అది ముందు ఇరుక్కుంటుంది. ఎక్స్‌పల్స్‌కి మడ్‌గార్డు ఎత్తులో ఉంది కాబట్టి ఇంకొన్ని గజాలు పోతుంది, అంతే తేడా. రేగడిలో తిరగడానికి టైరు వెతికేవాడికి నా సలహా: ఆ రోజుకి బండి స్టాండు వేసి, రైతు ఎవరైనా కనిపిస్తే వేరే దారి ఉందేమో అడగండి. ఆయనే ట్రాక్టరు బయటికి తీయని రోజు మనం బండి తీయడం ఏమిటి?

ఇప్పుడు అసలు మాట. అందరూ టైర్లని జతగా చూస్తారు. బట్టల కొట్లో చొక్కా ప్యాంటూ కలిపి సెట్టు అడిగినట్టు, సెట్టు ఎంత అని అడుగుతారు. నేను ముందుది వేరుగా, వెనకది వేరుగా ఆలోచిస్తాను. ఎందుకంటే ఆ రెండూ చేసే పనులు వేరు, పాడైతే పడే శిక్షలూ వేరు.

వెనక చక్రం జారితే బండి తోక ఊపుతుంది. గుండె ఝల్లుమంటుంది, కాళ్ళు కిందికి దిగుతాయి, కానీ కంగారు పడి బ్రేకులు పీకకపోతే చాలాసార్లు దానంతటదే సర్దుకుంటుంది. ముందు చక్రం జారితే సర్దుకోవడం అనేది లేదు. ఏం జరిగిందో అర్థమయ్యేసరికి మీరు నేల మీద, బండి మీ కాలి మీద. అంటే మట్టిలో మిమ్మల్ని నిలబెట్టేది ముందు టైరు. అరిగే లెక్క చూస్తే అది తారుమారు. ఇంజిన్ బలం అంతా రోడ్డుకి దించేది వెనక టైరు, సామాను, వెనక కూర్చున్న మనిషి బరువు మోసేది కూడా అదే. మామూలుగా వెనకవి రెండు మార్చేలోపు ముందుది ఒకటి చాలు.

కాబట్టి ముందు టైరు భయాన్ని బట్టి, వెనక టైరు ఖర్చుని బట్టి ఎంచుకోమంటాను. రోజూ ఆఫీసుకి తిరుగుతూ నెలకి ఒకటి రెండుసార్లు మట్టి ఎక్కేవాడైతే, ముందు గడ్డలు విడివిడిగా ఉన్న 50-50 రకం వేయించి, వెనక రోడ్డు వైపు మొగ్గే 80-20 రకం వేయించడం నాకు తెలిసినంతలో మంచి బేరం. బటన్లున్న ముందు టైరు ఎటూ మెల్లగా అరుగుతుంది, జేబుకి పెద్ద దెబ్బ తగలదు. వెనకది తారు మీద ఎక్కువ కాలం మన్నుతుంది, మట్టిలో కాస్త తోక ఊపుతుంది, ఊపనివ్వండి.

ఇదే మాట ఒక పెద్దాయన ముందు అంటే ఆయన ఒప్పుకోలేదు. "తారు మీద ఆపేది ముందు బ్రేకే కదయ్యా, అక్కడ పట్టు తగ్గించుకుంటావా?" అన్నాడు. ఆయన మాటలో న్యాయముంది. వానాకాలం అంతా హైవే మీద 90లో, 100లో పోయేవాళ్ళకి, వెనక భార్యనో పిల్లనో కూర్చోబెట్టుకునేవాళ్ళకి నా లెక్క పనికిరాదు. వాళ్ళు రెండు చక్రాలకీ రోడ్డు వైపు మొగ్గే టైర్లే వేయించుకుని, మట్టి వచ్చినచోట మెల్లగా పోవాలి. అలాగే పాడేరు దగ్గర వంజంగి లాంటి నిటారు ఎర్రమట్టి దారులే మీ ఆదివారమైతే లెక్క మళ్ళీ తిరగబడుతుంది. ఎక్కుడులో తోసేది వెనక చక్రం. అది కరవకపోతే ముందు ఎంత మంచి టైరున్నా బండి అక్కడే గుంట తవ్వుకుంటుంది. వాళ్ళు రెండూ బటన్లే వేయించుకుని, పాడేరు దాకా పోయే ఘాట్ రోడ్డులో బుద్ధిగా నడపాలి. మారేడుమిల్లి నుంచి చింతూరు పోయే ఘాట్ సంగతి వేరు. అది తారే, కానీ చెట్ల నీడలో ఎప్పుడూ తడి, రాలిన ఆకులు. అక్కడ బటన్లు శుద్ధ దండగ.

ముందూ వెనకా వేరు రకాలు వేయించేటప్పుడు ఒక జాగ్రత్త. టైరు లోపలి అల్లికలో ఒకటి బయాస్, ఒకటి రేడియల్ అయ్యేలా కలపొద్దు, బండి కంపెనీ తన పుస్తకంలో ప్రత్యేకంగా అలా చెప్తే తప్ప. రెండింటి పక్కగోడలు వంగే తీరు వేరు. మలుపులో ముందు చక్రం ఒక మాట, వెనక చక్రం ఒక మాట చెప్తాయి.

టైరు ఎంపిక కంటే నేను ఎక్కువ పోట్లాడేది గాలి గురించి. వేలు పోసి టైర్లు కొని, గాలి మాత్రం పెట్రోలు బంకు కుర్రాడి దయకి వదిలేస్తారు. అతనికి ఏ బండైనా ఒకటే లెక్క, గట్టిగా కొట్టేయడం. ఆ మీటరు కూడా ఎప్పుడో ఎవరో చూసిన మీటరు. మీ సొంత గేజీ ఒకటి కొనుక్కోండి. ఉదయం బండి తీయకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు చూడండి, మీ బండి పుస్తకంలో రాసిన పీఎస్‌ఐ ఎంతో అంతే ఉంచండి. మట్టి మొదలయ్యే చోట ఆగి ఐదారు పీఎస్‌ఐ తగ్గిస్తే టైరు కొంచెం పరుచుకుంటుంది, నేలకి ఆనే చోటు పెరుగుతుంది, గులకల మీద గెంతడం తగ్గుతుంది. మామూలు రోడ్డు టైరు కూడా వేరే టైరులా ప్రవర్తిస్తుంది. పైసా ఖర్చు లేని మార్పు ఇది. తిరిగి తారు ఎక్కేముందు మళ్ళీ కొట్టుకోవాలి, అందుకు చేతి పంపో, బ్యాటరీకి తగిలించే చిన్న కంప్రెసరో సంచిలో ఉండాలి. తక్కువ గాలితో హైవే ఎక్కితే టైరు వేడెక్కి పాడవుతుంది, బండి నడకా బాగోదు.

మరీ తగ్గించకండి. ట్యూబు ఉన్న టైర్లో 18, 20 కిందికి దిగి రాయి మీదికి ఎక్కిస్తే, రాయికీ రిమ్ముకీ మధ్య ట్యూబు నలిగి పక్కపక్కన రెండు చిల్లులు పడతాయి. పాము కాటు అంటారు దాన్ని. అడవి దారిలో అది పడితే రిమ్ము నుంచి టైరు విప్పాలి, లివర్లు కావాలి, ట్యూబు కావాలి, అన్నిటికంటే ముందు విప్పడం రావాలి. ఇంటి దగ్గర నీడలో కూర్చుని ఒకసారి విప్పి మళ్ళీ ఎక్కించి చూసుకోండి. మీరు కొన్న లివరు పొట్టిదని తెలిసేది అప్పుడే. పుల్లల చక్రం ఉన్న బండ్లలో ఎక్కువ వాటికి ట్యూబులే. ట్యూబ్‌లెస్ అయితే దారిలోనే చిల్లులో రబ్బరు పురి పెట్టి గాలి కొట్టుకుని పోవచ్చు, అది నిజంగా సుఖం. ట్యూబ్‌లెస్ టైరులో ట్యూబు వేయడం మన షాపుల్లో మామూలే, కానీ ట్యూబు సైజు సరిగ్గా ఉందో లేదో దగ్గరుండి చూసుకోండి.

టైరు పక్కగోడ మీద రాత చాలామంది చదవరు. పాత హిమాలయన్ ముందు టైరు తీసుకోండి: 90/90-21. వెడల్పు 90 మిల్లీమీటర్లు, ఎత్తు ఆ వెడల్పులో 90 శాతం అంటే 81, రిమ్ము 21 అంగుళాలు. ఎక్స్‌పల్స్‌కీ ముందు అదే సైజు, అందుకే మార్కెట్లో ముందు టైర్లు బోలెడు రకాలు. వెనక మాత్రం హిమాలయన్‌కి 120/90-17, ఎక్స్‌పల్స్‌కి 120/80-18. హిమాలయన్‌వాళ్ళు కొందరు వెనక 130/80-17 వేయించేస్తారు, కేటీఎం 390 అడ్వెంచర్ సైజు అది, రకాలు ఎక్కువ దొరుకుతాయి. చెయిన్‌కీ, స్వింగ్ ఆర్ముకీ తగులుతుందేమో చూసుకుని వేయించాలి. సైజు తర్వాత 54S లాంటి గుర్తు ఉంటుంది. 54 అంటే 212 కిలోలు మోయగలదని, S అంటే గంటకి 180 కిలోమీటర్ల వేగం దాకా అని. బటన్ టైర్ల మీద తరచు Q కనిపిస్తుంది, 160 దాకా. మన బండ్లకి వేగం గుర్తు పెద్ద బెంగ కాదు. బరువు గుర్తు బెంగే. రెండు పక్కలా పెట్టెలు కట్టి, మధ్యలో మనిషిని కూర్చోబెట్టి లద్దాఖ్ బయల్దేరేవాళ్ళు అది చదవాలి.

ఇంకో గుర్తు, నాలుగు అంకెలు. 2324 అంటే 2024వ సంవత్సరం 23వ వారంలో తయారైందని. డిస్కౌంటు బాగా ఇస్తున్నాడంటే ముందు ఈ అంకెలు చూడండి. ఏళ్ళ తరబడి గోడౌనులో ఉన్న రబ్బరు గట్టిపడిపోతుంది, గడ్డలు కొత్తవే అయినా తడిలో పట్టు ఉండదు. ఐఎస్‌ఐ గుర్తు ఉండాలి, లేకుండా ఇక్కడ అమ్మకూడదు.

విదేశీ పేరైతేనే మంచిదని ఒక భ్రమ ఉంది. సియట్ 1924లో ఇటలీలోని టురిన్‌లో పుట్టిన పేరని, ఎంఆర్‌ఎఫ్ 1946లో మద్రాసులో బెలూన్లు చేసే చిన్న షెడ్డుగా మొదలైందని చెప్తే, మొదటిది దేశీ అనుకున్నవాళ్ళు నోరు తెరుస్తారు. ఇప్పుడు ఎంఆర్‌ఎఫ్ ఫ్యాక్టరీ మన సదాశివపేట దగ్గరే ఉంది. అపోలో ఫ్యాక్టరీ తిరుపతి జిల్లా చిన్నపాండూరులో ఉంది, 2020లో మొదలైంది. విదేశీ టైర్లలో నిజంగా గొప్పవి ఉన్నాయి, కాదనను. కానీ 200 సీసీ బండికి, 1,000 సీసీ బండి కోసం చేసిన గట్టి టైరు వేయిస్తే దాని పక్కగోడ మన బరువుకి వంగదు. ఖరీదు ఎక్కువ, సుఖం తక్కువ.

ఎప్పుడు మార్చాలంటే, చట్టం ప్రకారం ద్విచక్ర వాహనానికి గాడి లోతు 0.8 మిల్లీమీటర్ల కంటే తగ్గకూడదు. అది తారు లెక్క. బటన్ టైరు మట్టికి పనికిరాకుండా పోయేది అంతకు చాలా ముందే, బటన్ల అంచులు గుండ్రబడ్డప్పుడే. అలాంటి టైరుని కొందరు వానాకాలం దాటేదాకా లాగి, వానాకాలం అయ్యాక కొత్తది వేయిస్తారు. నాకు ఆ లెక్క ఎప్పటికీ అర్థం కాదు. చేయాల్సింది జూన్‌కి ముందు.

కొత్త టైరు ఎక్కించేటప్పుడు షాపులో నిలబడండి, టీకి వెళ్ళకండి. పక్కగోడ మీద బాణం గుర్తు చక్రం తిరిగే వైపు ఉండాలి. కొన్ని టైర్లకి ముందు వేస్తే ఒక బాణం, వెనక వేస్తే ఇంకో బాణం ఉంటాయి, రెండింటినీ చదివించండి. రిమ్ము అంచు చుట్టూ టైరు మీద ఒక సన్నటి గీత ఉంటుంది, అది అంతటా సమానంగా కనిపించేదాకా గాలి తీసి మళ్ళీ కొట్టించండి. ట్యూబు కొత్తది వేయించండి. పాతది బాగానే ఉందంటాడు, ఉంటుంది కూడా. అయినా వేయించండి. బయటికి వచ్చాక కొత్త రబ్బరు మీద పైపైన జారుడు ఉంటుంది, మొదటి వంద, నూట యాభై కిలోమీటర్లు మలుపుల్లో నెమ్మది.

టీ చల్లారుతోంది, తాగండి. ఇంతకీ మీ బండేదో చెప్పనే లేదు.